పదిహేడో రాయి కింది బొగ్గు

పదిహేడో నంబరు రాయి గురించి రెండు దేశాల్లోనూ కలిపి ఇప్పటికి పదకొండు పుస్తకాలు వచ్చాయి. రాసినవాళ్లు చిన్నాచితకా మనుషులు కారు, పేరు వెనక బారెడు డిగ్రీలున్నవాళ్లు. అయినా వాళ్లలో ఒక్కరికీ ఆ రాయిని పాతిన మనిషిని వెతికి పట్టుకుని ఓ ముక్క అడుగుదామని తోచలేదు. అడిగితే అతను చెప్పేవాడా అంటే అదీ అనుమానమే. ముప్పై ఒక్క ఏళ్లు నోరు కుట్టేసుకుని కూర్చున్నవాడు, ఎవరో కళ్లద్దాల పెద్దమనిషి వచ్చి అడిగాడని విప్పుతాడా?

ఆ మనిషిని అందరూ రాళ్ల మేస్త్రి అంటారు. సరిహద్దు శాఖలో తాపీమేస్త్రిగా చేసి రిటైరయ్యాడు. సైకిల్ రిపేరు షాపు పైన రెండు గదుల వాటాలో కోడలితో ఉంటున్నాడు. కోడలు ప్రభుత్వాసుపత్రి కుట్టుగదిలో పనిచేస్తుంది. రోగుల గౌన్లు, దుప్పట్ల అంచులు, ఆపరేషన్ గది తెరలు కుడుతుంది. మేస్త్రి భార్య పోయి చాలాకాలమైంది. కొడుకు పోయి పద్నాలుగు నెలలైంది. కొడుకు పోయింది ఆ పదిహేడో రాయి దగ్గరే.

సరిహద్దు శాఖ అనగానే జనం తుపాకులూ దుర్భిణీలూ ఊహించుకుంటారు. మేస్త్రి సరంజామా మాత్రం ఒక గమేళా, తాపీ, రసమట్టం, తూకం గుండు, సున్నం బస్తా, నల్లరంగు డబ్బా. ఏటా వానలు వెనకపట్టాక అటువైపు దేశం నుంచి ఒక మేస్త్రి, ఇటువైపు నుంచి ఇతనూ కలిసి సరిహద్దు పొడుగునా నడిచేవారు. అరవై నాలుగు రాళ్లు. ఒక్కోటీ మనిషి ఛాతీ ఎత్తు. ఒరిగినదాన్ని నిలబెట్టాలి, పగిలినదాన్ని మార్చాలి, అన్నిటికీ సున్నం వేసి నంబర్లు దిద్దాలి. బేసి సంఖ్య రాళ్లు మనవి, సరిసంఖ్య రాళ్లు వాళ్లవి అని కాగితం మీద ఉంది. పనిలో దిగాక ఇదెవరిది అదెవరిది అని చూసుకునే తీరిక ఎవరికుంటుంది? ఒకడు సున్నం కలిపితే ఇంకొకడు కుంచె పట్టేవాడు. రెండో ఏటికే ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. ఎవరి చెల్లెల్ని ఎవరు చేసుకున్నారని హవల్దార్లు ఎకసెక్కాలాడేవారు. ఏడాదికి నలభై రోజుల బావలు వాళ్లిద్దరూ.

ఆ పనిలో ఒక కట్టుబాటుంది. కొత్త రాయి పాతేముందు గోతి అడుగున ఒక గంపెడు బొగ్గు, దాని మీద నాలుగు పెంకు ముక్కలు వెయ్యాలి. బొగ్గు కుళ్లదు, చెదలు పట్టదు, వరద వచ్చినా మట్టికింద అలాగే పడి ఉంటుంది. రేపు ఎవడైనా దొంగచాటుగా రాయిని పక్కకు జరిపితే, తవ్వి చూసినవాళ్లకి బొగ్గు ఎక్కడుందో రాయి అక్కడిదని తెలిసిపోతుంది. అందుకే మేస్త్రీలు దాన్ని సాక్షి అనేవారు. మేస్త్రికి ఆ పని నేర్పినవాడు మొదటి రోజే చెప్పాడట, అన్నం తినడం మరిచిపోయినా ఫరవాలేదు గానీ సాక్షి వెయ్యడం మరిచిపోవద్దని. ఇతను ఒక్కనాడూ మరిచిపోలేదు. తలుచుకుంటే గుండె మండిపోయేది అక్కడే.

ఆ ఏడు వానలు ముంచెత్తాయి. వీళ్లు పదిహేడో రాయి దగ్గరికి చేరేసరికి అక్కడ రాయి లేదు. గట్టు విరిగి, రాయి రెండు ముక్కలై వాగులో పడి ఉంది. పాత గుంత అయితే కనబడుతోంది, అడుగున నల్లటి బొగ్గు కూడా కనబడుతోంది. కానీ అక్కడ మళ్లీ రాయి నిలబెట్టాలంటే వాగు అడుగు నుంచి గోడ కట్టుకుంటూ రావాలి, పన్నెండు రోజుల పని. సరే ఏం చేస్తాం, కడదాం అనుకుని మొదలుపెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం అటువైపు ఊరి నుంచి ఒక మనిషి రొప్పుకుంటూ వచ్చాడు. అవతలి మేస్త్రి భార్యకి నొప్పులు మొదలై రెండు రోజులైంది, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని చేతులెత్తేసింది, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే మొగుడు రావాలి.

ఉన్న ఫళంగా బయలుదేరవచ్చు కదా అంటారేమో. రాయి పడి ఉండగా మేస్త్రీలు కదలకూడదు. రాయి నిలబడినట్టు రిజిస్టర్లో ఇద్దరూ సంతకాలు పెట్టాకే ఎవరి దారి వాళ్లది. కాదని వెళ్లినవాడు సరిహద్దు తెరిచి పారిపోయినట్టు లెక్క, ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా. హవల్దార్లిద్దరూ దూరంగా గుడారంలో పేకాడుకుంటున్నారు. వాళ్లకి కావాల్సింది రాయి నిలబడి ఉండటం. ఎక్కడ నిలబడిందన్నది వాళ్లెవరూ చూసే బాపతు కాదు.

అవతలి మేస్త్రి తాపీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడు మన మేస్త్రే అన్నాడు, బండి మీద కొత్త రాయి ఉంది, ఆ దిబ్బ మీద గట్టినేల ఉంది, ఈ పూటకి అక్కడ పాతేద్దాం, వచ్చే ఏడు తీరిగ్గా తెచ్చి ఇక్కడ పెడదాం అని. దిబ్బ అవతలి దేశంలోది. వాగు గట్టు నుంచి నలభై రెండు అంగలు. ముళ్లకంపలు తప్ప ఏమీ లేని చోటు.

"మా దేశం తరఫున నీకిచ్చేశా బావా," అన్నాడు అవతలి మేస్త్రి. "మేకలు కూడా మెయ్యవక్కడ." ఏడుస్తూనే నవ్వాడు.

బండిని దిబ్బ వెనకవైపు నుంచి ఎక్కించి, గొయ్యి తీసి, రాయి దించారు. దించేముందు మన మేస్త్రి బండి మీది బొగ్గు గంప తీసుకుని గోతిలో కుమ్మరించాడు, పెంకులు వేశాడు. ఎందుకు వేశాడో అతనే చెప్పలేడు. తప్పుడు చోట, ఏడాది పాటు ఉండే రాయికి, సాక్షి ఎందుకు? చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. అవతలి మేస్త్రి సంతకం పెట్టి పరుగెత్తాడు. పొద్దు గుంకేలోపు దిబ్బ అవతల కనుమరుగయ్యాడు.

మరుసటి ఏడు రాలేదు. చేపల పడవల మీదో పన్నుల మీదో రెండు ప్రభుత్వాలకీ మాటామాటా పెరిగి, కలిసి చేసే పనులన్నీ ఆపేశారు. తల్లీబిడ్డా క్షేమమని ఒక పాలవాడి ద్వారా కబురొచ్చింది, అంతే. తర్వాత పాలవాళ్లని కూడా ఆపేశారు. చాలా ఏళ్లకి అవతలి మేస్త్రి పోయాడని తెలిసింది. రాయి మాత్రం అక్కడే ఉండిపోయింది. మ్యాపులో చూసి పట్టుకోలేదా అంటే, ఆ పాత మ్యాపులో గీత మందమే వంద అంగలుంటుంది.

ఆ తర్వాత దిబ్బకి చరిత్ర పట్టుకుంది. ఒక ప్రొఫెసరు అక్కడ తిరుగుతూ ముళ్లకంపల్లో కూలిన గోడ ఒకటి చూశాడు. అది మన మొదటి రాజు కోట అన్నాడు. ఆ రాజు పరదేశం నుంచి వచ్చి గుర్రం దిగి మొదట కాలు మోపింది అక్కడేనట. అవతలివాళ్లు ఊరుకుంటారా? అది మా రాజు కోట, ఆయన దండయాత్రకి గుర్రం ఎక్కింది అక్కడే అన్నారు. ఎక్కినవాడూ దిగినవాడూ ఒకడే అయి ఉండొచ్చని మేస్త్రికి అనుమానం. అసలు ఆ గోడ కోటగోడ కాదని అతనికి చూసిన క్షణంలోనే తెలుసు. సున్నం లేకుండా చేతికొచ్చిన రాళ్లు పేర్చుకుపోయిన గోడ. నడుమెత్తు కూడా ఉండి ఉండదు. ఎవడో కాపరి ఒకప్పుడు గొర్రెల్ని తోలుకున్న దొడ్డి. అయినా తాపీమేస్త్రిని ఎవడడుగుతాడు?

పిల్లల పుస్తకాల్లోకి దిబ్బ పాఠంగా ఎక్కింది. స్టాంపు వేశారు. అవతలివాళ్లు పాట కట్టారు, మనవాళ్లు ఇంకొంచెం పొడుగు పాట కట్టారు. ఇంత గొప్ప చోటు మన రాయికి ఇవతల ఉందంటే మన పూర్వీకులు ఎంత ముందుచూపు ఉన్నవాళ్లో అని మంత్రులు ఉపన్యాసాలిచ్చారు. పూర్వీకుడు అప్పటికి సైకిల్ షాపు పైన కూర్చుని రేడియో వింటున్నాడు. విని, లేచి రేడియో కట్టేశాడు. పాటలు అయ్యాక బంకర్లు వచ్చాయి, బంకర్లు వచ్చాక తుపాకులు వచ్చాయి.

చెబితే జైలు. ఆ భయం కొన్నాళ్లు. తర్వాత పెన్షన్ పోతుందన్న భయం. ఆ తర్వాత, ఇప్పుడు చెప్పి ఏం ప్రయోజనం అన్న బద్ధకం. మేస్త్రి చెడ్డవాడు కాడు, కానీ నీళ్లు నమలడంలో మొనగాడు. కొడుకు సరిహద్దు దళంలో చేరినప్పుడు కూడా నీళ్లే నమిలాడు. మూడేళ్ల కిందట కొడుకు సెలవు మీద ఇంటికొచ్చి, గుమ్మంలో బూట్లు కూడా విప్పకుండానే చెప్పాడు, డ్యూటీ దిబ్బ మీద వేశారని, తండ్రి పాతిన పదిహేడో రాయి దగ్గరేనని. వాడి మొహం వెలిగిపోతోంది. అప్పుడు చెప్పాల్సింది. గదిలో వాళ్లిద్దరే ఉన్నారు, కోడలు ఆసుపత్రిలో ఉంది. ఒరే నాయనా, అది అక్కడ ఉండాల్సిన రాయి కాదురా అని ఒక్క మాట. ఆ వెలుగుని తన నోటితో ఊదెయ్యలేక, బూట్లు విప్పుకుని రా, అన్నం తిందువుగాని అన్నాడు.

కొడుకు పోయినప్పుడు దారి పొడుగునా కాల్పులు జరుగుతున్నాయని, దేహాన్ని కిందికి తేలేక దిబ్బ మీదే పూడ్చిపెట్టారు. నాలుగు నెలల తర్వాత కాల్పులు ఆగిన పూట మామనీ కోడలినీ జీపులో తీసుకెళ్లి చూపించారు. రాయికి అయిదడుగుల దూరంలో మట్టి కుప్ప, చెక్క మీద నంబరు. రాయికి సున్నం ఊడిపోయి ఉంది. మేస్త్రి చూపు ముందు రాయి మీదికి పోయి, తర్వాతే కొడుకు మీదికి పోయింది. ఆ సంగతికి తనని తను ఈనాటికీ క్షమించుకోలేదు.

చివరికి ఎవరో పెద్ద దేశాలవాళ్లు నచ్చచెప్పి, రెండు ప్రభుత్వాల్నీ మధ్యవర్తుల ముందుకు తెచ్చారు. బయటి దేశాల న్యాయమూర్తులు ముగ్గురు వచ్చి, రాయి అసలు చోటులోనే ఉందో లేదో తేలుస్తారు. ఉంటే దిబ్బ మనది, లేకపోతే వాళ్లది. రాయి పాతినవాళ్లలో బతికి ఉన్నది ఒక్కడే కాబట్టి మేస్త్రికి సమన్లు వచ్చాయి. వెనకే ప్రభుత్వ లాయరు కారులో వచ్చి, మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుని, పెద్దాయనా మీరు కష్టపడాల్సిందేమీ లేదు, కదల్లేదు అని ఒక్క మాట చెప్పండి చాలు అన్నాడు.

ఆ రోజు సాయంత్రం మేస్త్రి ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి నోరు విప్పాడు. కోడలు మిషను ముందు కూర్చుని దుప్పటి అంచు కుడుతోంది. చెబుతున్నంతసేపూ ఆమె తల ఎత్తలేదు. అంచు అయిపోయింది, దారం తెంచింది, దుప్పటి మడత పెట్టింది. ఆ తర్వాత దాన్నే మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది.

"చెప్పొద్దు మామయ్యా," అంది. "దిబ్బ అటు పోతే సమాధి కూడా అటే పోతుంది. నేనెక్కడికెళ్లి చూడను?"

మేస్త్రి సరేనన్నాడు. ఆమె మాట తీసేసే హక్కు తనకి లేదనుకున్నాడు. కదల్లేదు అన్న మాటని వారం రోజులు లోలోపల వల్లెవేశాడు. నిజం చెబితే కొడుకు సమాధీ పోతుంది, కోడలూ పోతుంది. చెప్పకపోతే పోయేది తన మాట ఒక్కటే. దానికి ఇప్పుడు విలువేముందిలే అని తనకి తనే సర్ది చెప్పుకున్నాడు.

విచారణ సరిహద్దు ఊళ్లో పెట్టారు, మూతపడిన కస్టమ్స్ గోదాంలో. గోనెసంచుల వాసన ఇంకా పోలేదు. బల్లల మీద పచ్చగుడ్డ పరిచి, న్యాయమూర్తుల ముందు మంచినీళ్ల సీసాలు పెట్టారు. బయట వరండాలో డ్రమ్ము దగ్గర మేస్త్రి నీళ్లు తాగుతుంటే ఒక ముసలామె దగ్గరికి వచ్చింది. పక్కన ముప్పై ఏళ్ల అమ్మాయి ఆమె మోచెయ్యి పట్టుకుని ఉంది. ఇన్నేళ్లలో ఎన్నడూ చూడకపోయినా ఆమె ఎవరో మేస్త్రికి చెప్పకుండానే తెలిసింది.

"మీరేనా అన్నయ్యా?" అంది ఆమె. "ఆయన పోయేదాకా మిమ్మల్నే తలుచుకునేవారు. ఇదిగో, ఇదే. ఆ రోజు పుట్టిన పిల్ల."

పిల్ల రెండు చేతులూ జోడించింది. బడిలో లెక్కలు చెబుతోందట. ఎదిగిన మనిషి, ఎడమ చెంప మీద చిన్న పుట్టుమచ్చ, కళ్లు అచ్చం తండ్రివి. ఇన్నాళ్లూ ఆ మధ్యాహ్నాన్ని తన బతుకులోకెల్లా పాడు మధ్యాహ్నమని తిట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం లేకపోతే ఈ పిల్ల లేదు. ఆ మధ్యాహ్నం లేకపోతే తన పిల్లాడు ఉండేవాడు. రెండూ ఒకేసారి గుండెలో పడితే మనిషి ఎటని తూగుతాడు? కోడలు రెండడుగుల అవతల నిలబడి అంతా వింటూ, ఆ అమ్మాయి వంకే చూస్తోంది.

లోపల ముందు ముసలామెనే పిలిచారు. తన మొగుడు చావుబతుకుల్లో ఉండగా చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పింది. వాగు గట్టు మీది రాయి, నలభై రెండు అంగలు, తన పురుడు కోసం. మన లాయరు లేచి, ఎంతో మర్యాదగా, ఆమెని ముక్కలు ముక్కలు చేశాడు. రాయి పాతుతుంటే మీరు చూశారా? లేదు. ఆ రోజు మీకు ఒంటి మీద స్పృహ ఉందా? లేదు. మీవారు చివరి రోజుల్లో మందుల మత్తులో ఉన్నారా? ఉన్నారు. గోదాంలో కొందరు నవ్వారు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. కూతురు లాయరు వంక కాదు, మేస్త్రి వంక చూసింది.

మేస్త్రిని నిలబెట్టారు. ముప్పై ఏళ్లకి పైగా అనుభవమున్న మీరు, రాయిని తప్పుడు చోట పాతారని ఈవిడ అంటోంది, ఆవిడ చెప్పింది అబద్ధమే కదా అన్నాడు లాయరు. కదల్లేదు అన్న మాట మేస్త్రి నాలుక చివరే ఉంది. కానీ లాయరు ప్రశ్న మార్చేశాడు. రాయి గురించి అడిగితే మేస్త్రి అబద్ధమాడి ఉండేవాడే. మనిషి గురించి అడిగాడు.

"అబద్ధం కాదండీ," అన్నాడు మేస్త్రి. "ఆవిడ చెప్పింది నిజం. రాయిని నేనే జరిపాను."

గోదాం అంతా గగ్గోలైంది. మేస్త్రి కోడలి వైపు చూడలేదు, చూసే ధైర్యం లేదు. వాగూ, విరిగిన గట్టూ, బండీ అన్నీ చెప్పాడు. చెబుతుంటే ఒంట్లోంచి ముప్పై ఏళ్ల బరువు దిగుతున్నట్టే ఉంది. లాయరు మొదట తెల్లబోయాడు గానీ, వృత్తిలో పండిపోయిన మనిషి, చటుక్కున తేరుకున్నాడు. బల్ల మీది గాజుజాడీ చేతిలోకి తీసుకుని మేస్త్రి ముందు పెట్టాడు. అందులో బొగ్గు, పైన నాలుగు పెంకు ముక్కలు.

పోయిన నెల న్యాయమూర్తుల నిపుణులే రాయి కింద తవ్వి తీశారట. బొగ్గు, పెంకులు, లోతు, అన్నీ పాత నిబంధనల ప్రకారం పొల్లుపోకుండా ఉన్నాయట. రాయి జరిపారేమో పట్టుకోవడానికే పెద్దలు ఈ పద్ధతి పెట్టారు కదా, మరి జరిపేవాడే కింద సాక్షి వేసుకుంటాడా అని అడిగాడు.

"నేనేశానండి."

"ఎందుకేశారు?"

"బొగ్గు వెయ్యకుండా రాయి పాతడం నాకు చేతకాదండీ," అన్నాడు మేస్త్రి.

ఈసారి గోదాం అంతా నవ్వింది. న్యాయమూర్తుల్లో ఒకాయన కూడా నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగాడు. మేస్త్రి గొంతు పెంచి, వాగు గట్టు దగ్గర తవ్వించండి, పాత బొగ్గు అక్కడే ఉంటుంది అన్నాడు. అవతలి దేశం లాయరు కూడా లేచి అదే అడిగాడు. వాగు గట్టు దగ్గర ఇప్పుడు నిలువెత్తు కందకం ఉంది, ఆరేళ్లుగా అక్కడ పడని గుండు లేదు, తవ్వడానికి పాత మట్టంటూ ఏదీ మిగల్లేదని మ్యాపులు చూపించారు. న్యాయమూర్తులు ముగ్గురూ తలలు దగ్గరపెట్టుకుని మాట్లాడుకున్నారు. బిడ్డని పోగొట్టుకున్న వృద్ధుడు, వరండాలో అవతలివారితో మాట్లాడటం చూసినవాళ్లున్నారు, మనసు కరిగి ఏదో అన్నాడు, ఇతని మాటా ఆవిడ మాటా లెక్కలోకి తీసుకోము అని రాసి, రాయి కదల్లేదని తీర్పు చెప్పారు. జన్మలో అన్ని పనులూ కొలత తప్పకుండా చేసినవాడు ఒక్క తప్పు పని చేశాడు. దాన్ని కూడా ఒప్పు పని చేసినట్టే చేసి పెట్టాడు.

బయటికి వస్తుంటే లాయరు భుజం తట్టి, కేసు ముంచేశారనుకున్నాను పెద్దాయనా, మీ బొగ్గే గెలిపించింది అన్నాడు. అవతలి దేశంవాళ్లు ఈ తీర్పుకి కట్టుబడేది లేదని కాగితాలు సర్దుకుని వెళ్లిపోయారు. అంటే రేపటి నుంచి మళ్లీ మామూలే. ముసలామె కారెక్కబోతూ ఆగి మేస్త్రికి దణ్ణం పెట్టింది. అతను తిరిగి పెట్టేలోపు తలుపు వేసేశారు.

మామా కోడలూ బస్టాండుకి నడిచారు. ఎండ చల్లబడలేదు. బెంచీ మీద ఇద్దరి మధ్యా ఆమె సంచీ పెట్టింది. ఆమె తిడితే బాగుండునని మేస్త్రికి ఉంది. తిట్టలేదు. చివరికి తనే అన్నాడు.

"సమాధి మనవైపే ఉంటుందిలే అమ్మా. నేను చెప్పింది ఎవరూ నమ్మలేదు."

"సమాధి కోసం కాదు మామయ్యా, నేను చెప్పొద్దన్నది."

సంచీ పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. కొడుకు పోయిన మూడో నెలలో అతనితో కలిసి పనిచేసినవాడు ఒకడు ఆసుపత్రి కుట్టుగదికి వచ్చాడట. ఆ రోజు కాల్పులు ఎక్కువై, దిబ్బ ఖాళీ చేసి వాగు కందకంలోకి దిగిపొమ్మని పైనుంచి ఆర్డరు వచ్చింది. పదమూడు మంది బయలుదేరారు. కొడుకూ బయలుదేరాడు. సగం దూరం దిగి, ఆగి, వెనక్కి తిరిగాడు. ఈ స్నేహితుడు చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకున్నాడు. కందకంలోకి చేరిన పన్నెండు మందీ బతికారు; తర్వాత మళ్లీ పైకెక్కి అతన్ని రాయి పక్కన పూడ్చింది వాళ్లే.

"మా నాన్న పాతిన రాయిరా అది, వాళ్లకి వదిలేసి వచ్చానంటే ఇంటికెళ్లి ఆయన మొహం ఎలా చూడను అన్నారట," అంది ఆమె. "ఈ మాట మీకు చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. మీరు కాస్త తేరుకున్నాక చెబుదాం, గర్వపడతారు అనుకున్నా. ఈలోగా మీరే రాయి సంగతి చెప్పారు. ఇంక ఎలా చెప్పను? మీరు కదల్లేదని చెబితే, కనీసం కాగితాల్లోనైనా మీ అబ్బాయి ఉండాల్సిన చోటే ఉన్నట్టుంటుంది కదా అనుకున్నా."

వాగు కందకం. పాత రాయి ఉండాల్సింది సరిగ్గా అక్కడే. రాయిని దాని చోట ఉంచి ఉంటే, వాడు తండ్రి రాయిని వెతుక్కుంటూ అక్కడికే దిగేవాడు. బూట్లు విప్పకుండా గుమ్మంలో నిలబడ్డ కొడుకు కళ్ల ముందు అలాగే ఉన్నాడు. అడగకూడదని తెలిసే అడిగాడు.

"ఆ రోజే వాడికి చెప్పి ఉంటే... వెనక్కి తిరక్కుండా దిగేవాడా అమ్మా?"

కాదనాలని ఆమె ఎంతో ప్రయత్నించింది.

"దిగేవారు మామయ్యా."

మేస్త్రి బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. కొడుకు పోయాడని తెలిసిన రోజున కూడా అంత ఏడవలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. కోడలు మధ్యనున్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని అతనికి దగ్గరగా జరిగింది. ఊరుకోమని అనలేదు.